పెరట్లో చచ్చిన ముంగిస

ఏమండీ, ఎలుకల మందు పొట్లం ఎక్కడ దాచారో ఈ చీటీ చూడగానే అది తీసుకుని ఆసుపత్రికి రండి. ఇల్లంతా గాలించాను, దొరకలేదు. అది ఏ మందో తెలిస్తేగానీ ఏ విరుగుడు ఇవ్వాలో తేలదని డాక్టరమ్మ ఫోన్‌లో చెప్పింది. మీకు చేస్తే మీ ఫోను మంచం మీదే మోగింది.

పెరటి గోడ పక్కన ముంగిస చచ్చిపడి ఉంది. ఉత్త చేతులతో ముట్టుకోకండి. దాని మీద తొట్టి బోర్లించాను. పూజయ్యాక నేను రోజూ పిట్టలకు మెతుకులు పెట్టే మూకుట్లోనే మీరు మందు కలిపారు. మిగిలిన మెతుకులు నీలంగా ఉన్నాయి. "ఎలుకల పని నేను చూస్తాలే" అని రాత్రి మీరంటే సంతోషించాను కూడా. ఆ మూకుడు లోపలికి తెచ్చేది పాప అని గుర్తు రాలేదా? ఇవాళా తెచ్చింది. "వేళ్ళు నోట్లో పెట్టుకున్నావా తల్లీ?" అంటే ఒకసారి ఊఁ అంటుంది, ఒకసారి ఊహూఁ అంటుంది. ఇప్పటికైతే బాగానే ఆడుతోంది, అయినా ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను.

అన్ని ప్రాణులనూ చల్లగా చూడమని పొద్దున కూడా దణ్ణం పెట్టుకున్నాను. మన చేత్తో మనమే విషం పెడితే దేవుడు మన ఏ మాట వినాలండీ? దెబ్బలాడే ఓపిక ఇప్పుడు లేదు. పొట్లం మరిచిపోకండి.

"ముంగిసనీ తీసుకెళ్దాం అమ్మా, డాక్టరమ్మ లేపుతుంది" అని పాప ఒకటే గొడవ. అది ఇక లేవదని మీరే వచ్చి చెప్పండి.