అమ్మ డిస్కు చెరపనివ్వకు

ఫల్గుణా,

కోసిన కాఫీ పండ్లు ఈ రోజే తొక్క తీసే పల్పర్‌లో వేయాలి, లేకపోతే పులిసిపోతాయి. అందుకే అనంతగిరి వెళ్తున్నాను. మధ్యాహ్నం శివప్రసాద్ వచ్చి కంప్యూటర్‌లో కాలిపోయిన మదర్‌బోర్డు మారుస్తాడు. నువ్వు పక్కనే కూర్చో.

ముందు పాత డిస్కులో ఉన్నదంతా వేరే డిస్కులోకి కాపీ తీయించు. తర్వాత ఆ పాత డిస్కునే కొత్త బోర్డుకి తగిలించమను. మొదటిసారి తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది, మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది. కంగారుపడి స్విచ్ తీయకు. సౌండు, నెట్ రాకపోతే వాటి డ్రైవర్లు తర్వాత వేసుకోవచ్చు.

"ఎందుకు మావా ఈ గొడవ, విండోస్ కొత్తగా ఏసేత్తే బేగి అయిపోద్ది" అని నాతో అన్నాడు. నీతోనూ అంటాడు. ఒప్పుకోకు. కొత్తగా వేస్తే ఉన్నదంతా పోతుంది. అమ్మ పెద్దకర్మ అయినా కాకముందే ఆమె ఫోన్ మొత్తం చెరిపేసి కోడలి చేతికి ఇచ్చావు. అది నేను మరిచిపోలేదు, మరిచిపోను. అమ్మ గొంతు ఇక ఈ డిస్కులోనే ఉంది.

కుండలో అంబలి ఉంది. శివప్రసాద్‌కీ ఇవ్వు.

నాన్న

ఇంకొకటి. మిరియాల కోత గురించి ఊరి ఆడవాళ్ల కోసం అమ్మ చెప్పిన రికార్డింగ్ పెట్టి చూడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆపి, "ఒరే గుంటడా, ఏటి సేత్తన్నావు, కూడు సల్లారిపోతంది" అని నిన్ను కేకేస్తుంది. శివప్రసాద్ వెళ్లాక విను. నేను రాకముందే విను. నా ఎదుట నువ్వు ఏడవలేవు.