అంచు తప్పిన దుప్పటి

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ చూపు తీసుకుపోయిన నీటికాసుల జబ్బు, అదే గ్లకోమా, తోబుట్టువులకూ రావచ్చంటే, బందరు వెళ్లి కళ్లు చూపించుకుని రక్తం కూడా ఇచ్చాను. కంట్లో ఒత్తిడి పెరగనివ్వని అరుదైన మార్పేదో నా జన్యువుల్లో ఉందట. నన్ను కాపాడింది అదే కావచ్చట.

"మీలాంటివాళ్ల జన్యువుల ఆధారంగానే కొత్త మందులు వెతుకుతున్నారండీ. మీ అన్నగారు ఉండుంటే ఆయన రక్తంతో పోల్చి చూసేవాళ్లం" అంది డాక్టరమ్మ.

ఆ జబ్బు చూపుని పక్కల నుంచి తినేస్తూ వస్తుందని కూడా ఆవిడే చెప్పింది. పెడనలో మన అద్దకం బల్ల గుర్తొచ్చింది. నడిమి పువ్వులన్నీ పొందిగ్గా అద్ది, అంచు దగ్గర మాత్రం అచ్చు తప్పించేవాడివి.

"ధ్యాస ఎక్కడ పెట్టావు?" అని పనివాళ్ల ముందే కసిరాను.

"ఈసారి చూసుకుంటాలేమ్మా" అన్నావు. కనబడట్లేదని అనలేదు.

నువ్వు చివరగా అద్దిన దుప్పటి నా దగ్గరే ఉంది. ఇవాళ మంచం మీద పరిచాను. అంచు ఎక్కడెక్కడ తప్పిందో, కళ్లద్దాలు లేకుండానే నాకు అంతా కనిపిస్తోంది.

నీ చెల్లి