స్కార్నబీలో మనుషులున్నారని తెలియజేయు మనవి

స్కార్నబీ పారిష్,
లింకన్‌షైర్.
20 ఫిబ్రవరి 1984.

జిల్లా సమాధి స్థలాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఈ నెల తొమ్మిదిన మరణించిన ఏమస్ థర్కెల్‌ను స్కార్నబీ చర్చి ఆవరణలో ఖననం చేయుటకు అనుమతి కోరుట, మా పారిష్‌లో జనం లేరన్న తమ రికార్డును సవరింపవేడుట.

స్కార్నబీ పారిష్ సభ కార్యదర్శిని, గొర్రెలు పెంచుకుని జీవించు అరవై అయిదేళ్ల విధవను, డోర్కస్ పెల్ అను నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా మొదటి అర్జీకి తమ జాబు పదిహేనో తేదీన అందినది. "సదరు ఆవరణయందు స్థానిక నివాసులకు మాత్రమే ఖననార్హత కలదు. రికార్డు ప్రకారము సదరు పారిష్‌లో నివాసులు లేరు. కావున మృతుడు స్థానికుడు కాడు" అని అందులో సెలవిచ్చితిరి. ఏమస్ ఎనభై ఆరేళ్లూ ఇక్కడే బతికాడు. మొదటి యుద్ధానికి పోయిన రెండేళ్లు మాత్రం లేడు. అదీ తమవంటి అధికారులు పిలిస్తేనే వెళ్లాడు.

2. ఈ రికార్డు ఎక్కడ పుట్టినదో విచారించితిని. నాలుగేళ్ల క్రితం జిల్లావారు యాత్రికుల కోసం ఒక చిన్న పుస్తకం వేశారు. అందులో మా చరిత్ర అంతా ఒక్క వాక్యం: "1349 నాటి మహమ్మారిలో స్కార్నబీ నిర్మానుష్యమైనది." వాక్యం అక్కడితో ఆగింది. మేము ఆగలేదు. బతికి బయటపడిన పదకొండుగురు పల్లంలోని ఊరు విడిచి మెట్ట ఎక్కి ఇళ్లు కట్టుకున్నారు. చర్చి మాత్రం ఆ పల్లంలోనే ఉండిపోయింది. పుస్తకం రాసినాయన ఒక్కసారి తలెత్తి ఉంటే మా పొగగొట్టాలు కనపడేవి.

ఆ పుస్తకం వచ్చినప్పటినుంచి వేసవి వస్తే చాలు, మేము లేకపోవడాన్ని చూడడానికి జనం వస్తున్నారు. కిందటి జూలైలో ఒకావిడ నా వంటింటి కిటికీలోంచి తొంగి చూసి, "అయ్యో, ఇక్కడెవరూ ఉండరనుకున్నామే!" అన్నది.

"మరి నేనెవర్నమ్మా, దెయ్యాన్నా?" అన్నాను.

ఫోటో తీసుకోవచ్చా అని అడిగింది.

3. పదహారో తేదీన తమ కార్యాలయమునకు ఫోన్ చేసితిని. ఎత్తినది తమ గుమాస్తా.

"ఎక్కణ్ణుంచమ్మా?"

"స్కార్నబీ నుంచి."

"అక్కడెవరూ లేరండీ."

"నేను మాట్లాడుతున్నాను కదా నాయనా!"

"అయితే నివాస ధ్రువపత్రం పంపండి."

"అదెవరిస్తారు?"

"మీ పారిష్ కార్యదర్శి."

"ఆ కార్యదర్శిని నేనే."

"అలా కుదరదమ్మా. ఎవరికి వారే ఇచ్చుకుంటే చెల్లదు."

4. సాక్ష్యములు: మా చర్చి రిజిస్టరు 1561లో మొదలైనది. మూడో పుటలోనే ఒక థర్కెల్ బాప్తిస్మము ఉన్నది. 1801 జనగణనలో మేము అరవై ఒక్కరము. ప్రస్తుతం తొమ్మండుగురము. క్షమించాలి, ఎనమండుగురము.

5. ఈ సంగతి అర్జీలో చేర్చదగునో కాదో ఎరుగను. 1947 శీతకాలంలో ఏడు వారాల పాటు మంచు మా దారి మూసేసింది. ఆ వారాల్లోనే నా భర్త పోయాడు. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. నేల రాయిలా గడ్డకట్టింది, గునపం దిగలేదు. ఏమస్ రెండు పగళ్లు, రెండు రాత్రులు గొయ్యి తవ్వాల్సిన చోట మంట వేసి, పక్కనే గోనె కప్పుకుని కూర్చున్నాడు. నేను వెళ్లి ఏడుస్తుంటే, "ఊరుకో తల్లీ, నేల కరగనీ. తొందరేముంది, వాడిప్పుడు ఎక్కడికీ పోడు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఆ ఏడాది గడిచింది. అయ్యా, నలభై ఏళ్లు మా అందరికీ సమాధులు తవ్విన మనిషికి ఇప్పుడు ఆరడుగుల నేల లేదంటున్నారు. మీరే చెప్పండి, ఆయన్ని ఎక్కడికి తీసుకుపోను?

6. పదకొండు రోజులుగా ఆయన పెట్టె చర్చిలోనే ఉన్నది. ఇన్నాళ్లూ చలి మమ్మల్ని కాపాడినది. నిన్నటినుంచి మంచు కరుగుతున్నది. ఇంతకంటె విడమరచి వ్రాయలేను.

కావున తక్షణమే అనుమతి దయచేయవలెనని, పై సంగతులన్నియు సావధానముగా చిత్తగించి మమ్మును బతికున్నవారి లెక్కలో చేర్చవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
డోర్కస్ పెల్

తా.క. 21వ తేదీ, మంగళవారం. జాబు పోస్టులో వేయకముందే తెల్లవారి ఎండ కాసింది. ఇక ఆగలేకపోయాం. ఎనమండుగురమూ కలిసి తవ్వాం. నాకు నడుము పట్టేసింది. ప్రార్థన జరిపించడానికి వచ్చిన పాదిరీగారు ముందు భయపడ్డారు, తరువాత ఆయనే పార అందుకున్నారు. మధ్యాహ్నానికి ఏమస్‌ను వాళ్లమ్మ పక్కన పెట్టాం. రిజిస్టరులో "ఏమస్ థర్కెల్, ఈ పారిష్ నివాసి" అని నా చేత్తో రాశాను. అనుమతి ఇక అక్కర్లేదు. ఆ మాట కొట్టేయాలంటే మాత్రం తమరే రావాలి. మెట్టెక్కి ఏ తలుపు తట్టినా సరే, తీస్తాం.