కొలత రాయని అంకె

మీకు నమస్కారాలు.

ఇక్కడ నేనూ అమ్మాయీ కులాసాగా ఉన్నాం. మీరూ వేళకు తింటూ అలాగే ఉన్నారని తలుస్తాను.

మీరు అడిగినవాటికి వరసగా జవాబులు. వంటింటి కుళాయి కారడం ఆగింది, వాషరు నేనే మార్చాను. అమ్మాయికి కళ్లద్దాలు వచ్చాయి, పెట్టుకోమంటే మాత్రం మూతి ముడుస్తోంది. మూడోది, మీ మేస్త్రీ చెప్పిన ఆ మగ హార్మోను సూది వేయించుకోనా అని అడిగారే, ఆ సంగతి. నిన్న ఫోన్లో "వేయించుకోకండి, ఉత్తరం వస్తోంది" అని పెట్టేశాను. మీ గదిలో మరో నలుగురు వింటుంటే అంతకన్నా ఏం చెప్పను?

మీ రక్తంలో ఆ హార్మోను, టెస్టోస్టెరాన్, నిరుడు 340 ఉండేదనీ, ఈసారి 11.8కి పడిపోయిందనీ పోయిన ఉత్తరంలో రాశాను. "ఇక నేను మగాళ్ల లెక్కలోంచి పోయినట్టే" అని మీరు నవ్వుతూ రాశారు. నాకది నవ్వులా అనిపించలేదు. మీరు పంపిన రెండు రక్తపరీక్ష కాగితాలూ, నేను అంకెలు ఎక్కించే మన ఆరోగ్యాల పుస్తకమూ పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆవిడ చూసి చూసి, "ఏమ్మా, ఒకటి లీటర్లలో, ఇంకోటి గిన్నెల్లో రాసి తగ్గిపోయిందంటే ఎలా?" అన్నారు. రెండు ల్యాబులవి రెండు కొలతలట. ఈ 11.8ని పాత కొలతలోకి మారిస్తే అదే 340. చుక్క కూడా తగ్గలేదు! నా పుస్తకంలో తేదీకి గడి ఉంది, అంకెకి గడి ఉంది, కొలతకి లేదు. విషయం చెప్పకుండా, కొలత మరిచానని మాత్రం అంటే అమ్మాయి, "నాకైతే సగం మార్కులు కోసేవాళ్లమ్మా" అంది.

"రక్తం ఎన్నింటికి ఇచ్చారు?" అని కూడా అడిగారు డాక్టరమ్మ. రెండుసార్లూ డ్యూటీ దిగాక సాయంత్రమే అన్నాను. అది పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుందట. పొద్దున్నే, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చూస్తేగానీ తక్కువని తేల్చకూడదట. మీది హద్దులోనే ఉంది, కాకపోతే కింది అంచున. నీరసం, చిరాకు, కోరిక తగ్గడం దానివల్లా రావచ్చు, నిద్ర చాలకా, బరువు పెరిగీ, దిగులుతోనూ రావచ్చు. "అవసరం లేకుండా సూది వేస్తే ఒళ్లు తనంతట తాను తయారుచేసుకోవడం తగ్గించేస్తుంది. రక్తం కూడా చిక్కబడవచ్చు. మీ వారి మేస్త్రీని క్రేన్లు నడుపుకోమనండి, వైద్యం మాకొదిలేయమనండి" అన్నారు.

ఇంకొకటి ఉంది. రాయాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను.

రెండేళ్లుగా సెలవుకి వచ్చినప్పుడల్లా మీరు గోడవైపు తిరిగి పడుకుంటుంటే, నామీద మనసు విరిగిందనుకున్నాను. ఆ 11.8 చూడగానే ముందు భయం వేయలేదండీ. "అమ్మయ్య, లోపం నాది కాదు, రక్తానిది" అనుకున్నాను. పాలప్యాకెట్ మీద తేదీని కూడా రెండుసార్లు చూసేదాన్ని, దీన్ని సరిచూడలేదు. నిజం కావాలనుకున్నాను కాబట్టి.

ఇప్పుడు నింద మోపడానికి అంకె లేదు. మీది అలసటో, దిగులో, నేనో నాకు తెలియదు. పదిహేనున వస్తున్నారుగా, మర్నాడు పొద్దున్నే రక్తం ఇచ్చి వద్దాం. కానీ ఆ కాగితం వచ్చేదాకా ఆగకండి. మీరే చెప్పండి. నేనే అయినా సరే, చెప్పండి.

ఇట్లు,
మీ నోటి మాట కోసం చూసే
మీ ఇల్లాలు