గట్టిమేళం ఆగిన చోట

బందరు,
ఆదివారం, 15 అక్టోబరు 1978.

చిరంజీవి నూరుల్లాకు,

నానమ్మ ఆమినా బీ దువా చేసి, దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేము క్షేమం, అక్కడ నీ క్షేమం తెలుపగలవు అని మొదలుపెట్టడం నా అలవాటు. బడిలో పిల్లలు ఆ వాక్యం మరిచిపోతే రెండు మార్కులు తగ్గించేదాన్ని. ఈ రోజు అదే వాక్యం రాయబోయి నేనే ఆగిపోయాను. నువ్వు క్షేమంగా లేవు. ఆ సంగతి నాకు పదకొండు నెలలుగా తెలుసు. తెలిసీ ప్రతి ఉత్తరంలో క్షేమం అడుగుతూ వచ్చాను.

ముందు కబుర్లు రాస్తాను. మీ హమీదా అత్త బంటుమిల్లి నుంచి పంపిన పరుపు గురువారం అందింది. దూది ఏకింది నువ్వేనని రాసింది. ఎక్కడా ఒక్క గడ్డ తగల్లేదు. గుడివాడ ధర్మారావు గారి అమ్మాయి భానుమతికి నెల తప్పింది. మొన్న ఆసుపత్రి పని మీద ఇటొచ్చి, పాఠాలు చెప్పించుకున్న రోజుల్లోలాగే గడపలో చెప్పులు విడిచి నేల మీద కూర్చుంది. మా పెళ్లిలో గట్టిమేళానికి ఒక్క డోలే మోగింది కదండీ టీచరు గారూ, అందుకేనేమో మా ఆయన ఇంట్లో నోరే మెదపడు, నాదే రాజ్యం అని నవ్వింది. నీ ఆరోగ్యం అడిగింది. కామెర్లు తగ్గాయా అంది. తగ్గుతున్నాయని చెప్పాను.

ఆ కామెర్ల దగ్గరే మొదలుపెడతాను.

నీకు కామెర్లు రాలేదు. నీ కళ్లు ఏనాడూ పచ్చబడలేదు. మేళానికి పిలవడానికి వచ్చిన వాళ్లందరికీ, పసరు మందు కోసం బంటుమిల్లి పంపానని చెప్పాను. ఇప్పటికి పద్నాలుగు మందికి చెప్పాను. కామెర్లంటే జాలిపడతారు, మనసు బాగాలేదంటే తలుపు దగ్గరే నిలబడిపోతారు అనుకున్నాను. ఎవరూ నిన్ను చిన్నచూపు చూడకూడదని చేశానని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నన్ను చిన్నచూపు చూస్తారని చేశాను.

నీ ఏడో ఏట మీ తాత నీ చేతికి సన్నాయి ఇచ్చిన రోజు నుంచి నువ్వు ఎన్ని గంటలు సాధన చేశావో నేను పుస్తకంలో రాస్తున్నాను. గంటలకు ఒక గడి, రిమార్కులకు ఒక గడి. మీ తాత పోయాక కూడా మానలేదు. నిన్న ఆ పుస్తకం తీశాను. కిందటి ఏడు నవంబరు 20 నుంచి గంటల గడిలో అన్నీ సున్నాలే. రిమార్కుల గడిలో ఇరవై ఆరు చోట్ల బద్ధకం అని నా దస్తూరీలో ఉంది. మూడు చోట్ల మొండితనం. డిసెంబరు 9న, సన్నాయి పీక నోట పెట్టుకుని వాంతి చేసుకున్నాడు, నటన అని రాశాను. అది రెండోసారి చదవలేకపోయాను.

ఆ నవంబరు 19 శనివారం నువ్వూ, డోలు రాజారత్నమూ దివిసీమ పెళ్లి నుంచి తిరిగొచ్చి అన్నానికి కూర్చున్నారు. గాలి అప్పటికే లేచింది. శుక్రవారం తెల్లవారుజామున ముహూర్తం, రాత్రి ఊరేగింపు, శనివారం పొద్దున్నే మొదటి బస్సుకి పులిగడ్డ దాటేశాం అని నువ్వు చెప్పావు. తాళి కట్టేటప్పుడు పసుపుతాడు పెళ్లికొడుకు వేళ్లలో జారిపోయిందనీ, తనలో తను నవ్వుకున్నాడనీ, అతను మూడో ముడి వేసేదాకా గట్టిమేళం ఆపకుండా లాగీ లాగీ నీ దవడలు పీకాయనీ చెప్పావు. చేపలు పట్టే బాబు కదా, అలవాటుకొద్దీ వలముడి వేస్తున్నాడేమో అనుకున్నానండీ అని రాజారత్నం అంటే నీకు పొలమారింది. నేను కూడా నవ్వాను. ఆ సాయంత్రమే ఉప్పెన వచ్చింది. ఆ ఇంట్లో ఒక్కరూ మిగల్లేదని నాలుగో రోజున విన్నాం.

అప్పటి నుంచి నువ్వు గోడ వైపు తిరిగి కూర్చుని, నవ్వాడు నానమ్మా, నవ్వాడు అనేవాడివి. నేనేమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. పిలిచారు, వాయించావు, వచ్చేశావు, ఎవరో నవ్వితే నీకేంటిరా అన్నాను. పదివేల ఇళ్లలో ఏడుస్తున్నారు, మన ఇల్లు నిలబడింది కదా, నీకెందుకు ఏడుపు అని కూడా అన్నాను.

మాఘంలో ముహూర్తాలు రాగానే నిన్ను గుడివాడ పంపింది నేనే. వద్దన్నావు. భానుమతి నా శిష్యురాలు, మాట ఇచ్చాను, వెళ్లి తీరాలన్నాను. ఫిబ్రవరి 17న ఆడవాళ్ల వరసలో ముందు కూర్చున్నాను. పంతులు గారు చెయ్యెత్తి గట్టిమేళం అన్నారు. నువ్వు ఊపిరి పూరించావు. అంతలో పెళ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకుంటూ ఎవరి వైపో చూసి నవ్వాడు. అది నేనూ చూశాను నూరుల్లా. చూసి కూడా నాకు తట్టలేదు. నీ సన్నాయి ఆగిపోయింది. ఆ వేళలో తుమ్ము గానీ ఏడుపు గానీ ఎవరి చెవినా పడకూడదని మనల్ని కూర్చోబెడతారు. అలాంటి వేళ ఒక్క డోలే మోగింది. వెనక నుంచి ఎవరో, ఏం టీచరు గారూ, మీ వాడు ఊపిరి బందరులో మర్చిపోయి వచ్చాడా అన్నారు. నేను లేచి నిలబడి, ఇక నీ చేతికి సన్నాయి ఇవ్వనని అంత మందిలో చెప్పాను. నువ్వు చెమటతో తడిసి, పెదవులు అదురుతూ, నా వైపే చూస్తున్నావు. బడిలో దెబ్బ తినబోయే పిల్లవాడు అలా చూస్తాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. అయినా ఆగలేదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. ఈ నెల 3న రాజారత్నం వచ్చాడు. చాలా చిక్కిపోయాడు. నీకు కామెర్లు కావని తనకు మొదటి నుంచీ తెలుసట. ఆ దివిసీమ పెళ్లివారి వాకిలి కలలోకి వస్తోందనీ, చేతులు వణక్కుండా ఉండాలని పందిట్లోకి వెళ్లేముందు సారా తాగుతున్నాడనీ చెప్పాడు. నాతో ముందే ఎందుకు చెప్పలేదని గద్దించాను. ఎలా చెప్తామండీ టీచరమ్మ గారూ, మంగళవాద్యం వాయించేవాడికి దిగులేంటంటారు, ఆ మాట ఒక్కసారి బయటికొస్తే మళ్లీ మా గుమ్మం ఎక్కేదెవరండీ, మేళగాళ్లలో ఇలా లోపల దాచుకుని తిరిగేవాళ్లు ఎంతమందో మాకే తెలీదండీ అన్నాడు. మీరు కూడా కామెర్లనే చెప్పారు కదండీ అని కూడా అన్నాడు.

ఈ ఊళ్లో మనసు జబ్బులు చూసే డాక్టరు ఒకరు వున్నారట. తనకి అక్కడికి వెళ్లే ధైర్యం చాలడం లేదన్నాడు. నేను 9వ తేదీ సోమవారం వెళ్లాను. బురఖా ముఖం మీదికి లాక్కుని, పక్క సందులోంచి వెళ్లాను. మా దూరపు బంధువుల కుర్రాడికి అని మొదలుపెట్టాను. ఆయన అంతా విని, చెయ్యి విరిగినవాణ్ణి డోలు కొట్టమంటారా అమ్మా, ఇదీ అలాంటిదే, కాకపోతే కట్టు పైకి కనపడదు అన్నారు. భయం ఊపిరిని బిగించేస్తుందట. బద్ధకానికి వాంతులు రావట. మందు ఉంది, మాట్లాడించడం ఉంది, ఎన్ని నెలలు పడుతుందో ఇప్పుడే చెప్పలేనన్నారు. నాటకాల హార్మోనిస్టులూ, భజన గాయకులూ కూడా నాలాగే పక్క సందులోంచి వస్తారట. నేను లేస్తుంటే, ఈసారి మీ మనవణ్ణి ముందు తలుపు నుంచి తీసుకురండి అన్నారు. మనవడని నేను చెప్పనే లేదు. ముసుగులో ఉన్న సిగ్గును కూడా ఆయన కనిపెట్టేశారు.

అందుకని అడుగుతున్నాను. ఆజ్ఞ కాదు. ఆయన సోమ, గురువారాల్లో చూస్తారు. నువ్వు వస్తానంటే నేను బంటుమిల్లి వచ్చి బస్సులో తీసుకొస్తాను. ముందు తలుపు నుంచే వెళదాం. ఎవరైనా అడిగితే, ఉప్పెన తర్వాత మా వాడి మనసు దెబ్బ తింది, వైద్యం చేయిస్తున్నాం అని నేనే చెబుతాను. ఇవాళ పొద్దున నీళ్ల పంపు దగ్గర కోటమ్మతో ఒకసారి అని చూశాను. ఆవిడ బిందె కింద పెట్టి, మా తమ్ముడికీ అంతేనండీ అంది.

నీ సన్నాయి ఇనప్పెట్టెలోంచి తీసి, తుడిచి, నీ మంచం మీద పెట్టాను. పెట్టెకు తాళం వేయడం లేదు. మళ్లీ వాయించాలని అడగను. వాయించకపోయినా నువ్వు నా మనవడివే. ఈ ముక్క నీ ఏడో ఏటనే చెప్పి ఉండాల్సింది. సాధన పుస్తకంలో ఆ ముప్ఫై రిమార్కులూ కొట్టేసి, ఒక్కోదాని పక్కన తప్పు నాది అని రాసి తేదీ వేశాను.

ఎప్పుడూ సంతకం కింద విశ్రాంత ఉపాధ్యాయిని అని రాసుకుంటాను. ఈసారి రాయడం లేదు.

ఇట్లు,
నీ నానమ్మ
ఆమినా బీ

తా.క. ఉత్తరం మడిచి, మళ్లీ విప్పాను. అసలు విషయం రాయకుండానే సంతకం పెట్టేశాను.

ఆ ఇంట్లో ఒక్కరూ మిగల్లేదన్నది నిజం కాదు. పెళ్లికూతురు బతికే ఉంది. పేరు వసుంధర. చీర ముళ్లకంచెకు చిక్కుకుని నిలిచిందట. ఇప్పుడు చల్లపల్లిలో మేనమామ ఇంట్లో ఉండి కుట్టుపని నేర్చుకుంటోంది. ఈ సంగతి నాకు జులై 11 నుంచి తెలుసు.

ఆ రోజు రాజారత్నం దగ్గర మన చిరునామా తీసుకుని నీకోసం వచ్చింది. తన పేరు చెప్పింది. నువ్వు ఊళ్లో లేవనీ, ఎప్పుడొస్తావో తెలియదనీ గుమ్మంలోనే చెప్పి పంపేశాను. ఎండలో వచ్చిన పిల్లకి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఆగస్టు 24న మళ్లీ వచ్చింది. కిటికీలోంచి చూసి తలుపు తియ్యలేదు. ఆ అబ్బాయి మేళం మోగిన ఇల్లు నీళ్లపాలైంది అని అప్పటికే గుడివాడలో అనుకుంటున్నారు. ఆ పిల్ల మన గడప తొక్కితే ఆ మాట నిజమని ముద్ర పడుతుందని భయపడ్డాను. పుస్తెలు మెళ్లో పడిన మర్నాడే వాటిని పోగొట్టుకున్న పిల్ల మంగళవాద్యం ఉన్న ఇంట్లోకి రాకూడదు అని కూడా అనిపించింది. శకునాలు మూఢనమ్మకాలని ముప్ఫై ఒక్క సంవత్సరాలు పిల్లలకు బోధించిన నాకు అలా అనిపించింది. ఆమె బతికుందని ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే నీకు ఏ కాస్త ఊరటైనా దొరికేదేమో. మూడు నెలలు దాచాను.

నిన్న మూడోసారి వచ్చింది. తలుపు తీశాను. కూర్చోబెట్టాను. నువ్వు ఎక్కడున్నావో, ఎలా ఉన్నావో ఉన్నదున్నట్టు చెప్పాను. మామ్మగారూ, ఆయన్ని ఇబ్బంది పెట్టను, ఒక్క మాట అడగాలండీ అంది. పెళ్లిలో తల వంచుకునే ఉందట. ఆ తర్వాత ఇల్లంతా చుట్టాలే, రెండు రోజుల్లో పెళ్లికొడుకు ముఖం నిండుగా చూసిందే లేదట. ఫోటోలు లేవు, చూసినవాళ్లు లేరు, రాజారత్నం చూసింది ముడులు వేసే చేతులనేనట. పందిట్లో అతనికి ఎదురుగా కూర్చుని, తాళి కట్టినంతసేపూ అతని ముఖం కనిపెట్టి చూసింది సన్నాయి వాయించే అతనే కదా, అతనే చెప్పాలంది.

తాళి కట్టేటప్పుడు ఆయన నవ్వారా అండీ అని ఆమె నిన్ను అడగాలట.

జవాబు నాకు తెలుసు. నీ నోట ఎన్నోసార్లు విన్నాను. విన్నప్పుడల్లా నోరు మూయించాను. నిన్న నేను చెప్పలేదు. చెప్పవలసింది నువ్వు.