కాయని చెమటమాను

2 ఏప్రిల్ 1999
మా చేలో చెమటమాను పూసింది. మధ్యాహ్నం ఆకులు బీడీల్లా చుట్టుకుంటాయి, పొద్దు వాలాక విప్పుకొని కొసల నుంచి నీటిచుక్కలు రాలుస్తాయి. ఎండాకాలంలోనూ కింద మన్ను తడే. నాలుగేళ్ళుగా ఒక్క కాయ లేదు. పైకొమ్మలు ఎండుతున్నాయి. దీని విత్తనం దాస్తే దక్కదు — రాలిన ఏడాది వానలకే మొలవాలి, లేదంటే చస్తుంది. మా మేనత్తకూ ఇదే మొండితనం... ఆమె సంగతి ఇంకోసారి.

5 ఏప్రిల్
తిరుపతి నుంచి చెట్ల లెక్చరరు వచ్చాడు. పువ్వు చీల్చి చూసి, ఇది ఆడచెట్టు, మగది ఎక్కడ అన్నాడు. మగది పూస్తుంది గానీ కాయదట. దాని పూలకొమ్మ ఒక్కటి తెచ్చి ఈ చెట్టు పూలమీద దులిపితే చాలునట.

అలాంటిది పక్క గట్టు మీదే ఉండేది. గొడ్డుచెట్టు అనేవాళ్ళం. పాత వాడుక ప్రకారం ఏటా నేను గొడ్డలెత్తి కాస్తావా, కొట్టమంటావా అని అడగడం, పక్కింటి మునెప్ప చెట్టు వెనక నక్కి “వచ్చే ఏడు కాస్తానప్పా, కొట్టొద్దు” అని దాని తరఫున పలకడం. నాలుగేళ్ళ కిందట మునెప్ప తడ అనే ఊళ్ళో పెళ్ళికి పోయాడు. మూడుసార్లు అడిగాను. చెట్టు పలకలేదు. కొట్టేశాను.

7 ఏప్రిల్
మునెప్పకు చెప్పాను.
“నేనొచ్చేదాకా ఆగాల గదబ్బా. చెట్టు యాడైనా మాట్లాడతాదా?”
సత్యవేడు దగ్గర ఇంకో చెమటమాను చూసినట్టు గుర్తన్నాడు.

9 ఏప్రిల్
సత్యవేడు. బస్సులో నిలబడే పోయాను. చెట్టు ఉంది, మంగమ్మ అనే ముసలామెది. లెక్చరరు చూపినట్టే పువ్వు చీల్చాను — ఇదీ ఆడదే. ఎప్పుడు కాసిందో ఆమెకే గుర్తులేదు. లెక్చరరు మాటలన్నీ చెప్పాను. ఊరుకోవలసింది.
“కాయనిది మీ ఊర్లో ఉండాదా అన్నా?”
ఉండాదమ్మా అన్నాను. ఎందుకన్నానో... ఎదుటివాళ్ళ మొహం చూసి కథ ముగించడం నా జన్మరోగం.

10 ఏప్రిల్
పూలు రాలడం మొదలు.

12 ఏప్రిల్
మంగమ్మ మొదటి బస్సుకే దిగిందట. కొమ్మ చుట్టుకుపోవడానికి తడిపిన గోనెపట్ట కూడా తెచ్చుకుందట. టీకొట్టు దగ్గర నా ఇల్లు అడుగుతోందని మునెప్ప వచ్చి చెప్పాడు.
“ఏం సూపిస్తావబ్బా ఆయమ్మకు?”
అని పెరటి దారిన వెళ్ళిపోయాడు.

వాకిట్లో ‘అన్నా’ అని పిలుపు. రెండోసారి.
ఈ పేజీలో ఇంకా చోటుంది, అది నిండాక లేస్తాను...