నీళ్ల బురుజులో నా సగం

కళ్లజోళ్ల దుకాణం నడిపి ఇటీవలే మూసేసిన నేను, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివితో రాయిస్తున్న వీలునామా ఇది. కాళ్లు ఒకచోట నిలవడం లేదు గానీ బుద్ధి నిలకడగానే ఉంది. వీధిలో లారీ చప్పుడైతే చాలు, చెబుతున్నది ఆపి కిటికీ దగ్గరికి పోతున్నాను. వకీలు గారు విసుక్కుంటున్నారు. వచ్చే వారం నాకు గుండె ఆపరేషను. దానికన్నా ఆ లారీలంటేనే భయం.

1. ఇంతకుముందు రాసిన వీలునామా రద్దు. అందులో అంతా తమ్ముడికే పెట్టాను. అప్పటికి వాడు బురుజు జోలికి రాలేదు.

2. మా వీధి మొదట్లో, ఒకప్పుడు నీళ్ల ట్యాంకును మోసిన పాత ఇటుకల బురుజు, దాని కింది స్థలం నాన్న నుంచి మా ఇద్దరికీ చెరి సగం వచ్చాయి. వరదొచ్చిన ఏడాది వీధివీధంతా ఆ బురుజు మెట్ల మీదే ప్రాణాలు దక్కించుకుంది. అమ్మకు అక్కడే నొప్పులొచ్చాయి. ఆడవాళ్లు దుప్పట్లు అడ్డం పట్టారు. తమ్ముడు పుట్టింది ఆ మెట్ల మీదే. వాడే ఇప్పుడు దాన్ని పడగొట్టి దుకాణాలు కడతానంటున్నాడు. "పుట్టామని ఆసుపత్రులన్నీ దాచిపెట్టుకుంటామా అక్కా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకింకా అరగలేదు.

3. చారిత్రక కట్టడంగా గుర్తించమని నేను పెట్టిన దరఖాస్తు విచారణలో ఉంది. నేను పోతే, నా వాటా ఎవరికి దక్కితే వాళ్లే దాన్ని నడపాలట. తమ్ముడికి దక్కితే మర్నాడే వెనక్కి తీసుకుంటాడు. పోయిన నెల ఏకంగా లారీ మీద పడగొట్టే యంత్రమే తెచ్చాడు. నేను బురుజు గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. అప్పుడు మరదలు, తమ్ముడి భార్య, పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి నా పక్కన నిలబడి, "ముందు నన్ను తొక్కించు" అంది మొగుడితో. యంత్రం వెనక్కి పోయింది. అమ్మ కుట్టుమిషను ఎవరిదని తగువు పడ్డప్పటి నుంచి నాకూ మరదలికీ మాటల్లేవు. ఆ రోజూ మాట్లాడలేదు.

4. కాబట్టి బురుజులో నా సగం మరదలికి. పడగొట్టకూడదని షరతు పెట్టమన్నారు వకీలు గారు. అక్కర్లేదన్నాను.

5. కుట్టుమిషను మాత్రం ఆమెకివ్వను. అది మా వీధి టైలరు కూతురికి.

6. మూసి ఉన్న నా కళ్లజోళ్ల దుకాణం తమ్ముడికి. వ్యాపారం ముచ్చట అక్కడ తీర్చుకోమనండి. వాడి మీద కోపమే గానీ, వాడు పస్తుంటే చూడలేను.

7. దీన్ని అమలు జరిపే బాధ్యత వకీలు గారిది.

చేర్పు: సాక్షుల్ని పిలిస్తే, తనూ సంతకం పెడతానని మరదలు వచ్చింది. ఆస్తి పొందేవాళ్లు సాక్షులు కాకూడదన్నారు వకీలు గారు. ఆమె ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగింది.

"నాకేం రాశావు వదినా?"

బురుజు అన్నాను. కిటికీలోంచి అటు చూసింది.

"పైవరస ఇటుకలు ఊడొస్తున్నాయి. వానల్లోపు సున్నం పట్టించాలి" అంది.

తేదీ: మార్చి పదకొండు, బుధవారం
సంతకం: తమ్ముడికి అక్క, మరదలికి వదిన
సాక్షులు: ఎదురింటి నర్సు, వీధి చివరి మెకానిక్కు